టీవీ ముందు డ్రిల్ మేష్ట్రు

బొరుగుల ఉగ్గాని తిన్న పళ్ళెం పక్కకు జరిపి, షాలిని తన మామ కుడి మణికట్టుకు పట్టీ కట్టింది. పట్టీకి వేలాడే చిన్న రిమోట్‌ను ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ మడిచింది. టీవీలో ఒక బొమ్మ మనిషి బంతి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వాడి ముందు నున్నటి చెక్క దారి, దాని చివర వరుసగా నిలబెట్టిన తెల్లటి గుంజలు.

"నిదానంగా మామా. బంతి దొర్లించినట్ల అనండి, అంతే."

సాలొమోను భుజం కొద్దిగా కదిలింది. బొమ్మ చేతిలోంచి బంతి జారి, వంకరగా పోయి, అంచున ఉన్న గుంజను పడగొట్టింది. ఆయన ఇంకో బంతికి చేతిని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. షాలినికి అదే చాలు.

బళ్ళారి కంటోన్మెంటు వైపు డ్రిల్ మేష్ట్రు సాలొమోను అంటే తెలియనివాళ్ళు తక్కువ. మిషన్ స్కూల్లో ఉద్యోగంలో చేరిననాటి నుంచి రిటైరయ్యేదాకా తెల్ల షూ, తెల్ల ప్యాంటు తప్ప వేసుకోలేదు. ఆయన గొంతు రోడ్డు అవతలి ఇళ్ళకు వినిపించేది. ఆయన దగ్గర పరుగు నేర్చుకున్నవాళ్ళు పోలీసుల్లో, రైల్వేలో ఉద్యోగాలు సంపాదించుకున్నారు. బజారులో కనబడితే స్కూటర్లు ఆపి మరీ నమస్కారం పెట్టేవాళ్ళు. అలాంటి మనిషి పోయిన వానాకాలంలో ఒక ఉదయం షూ లేసు కట్టుకుంటూ మంచం మీద పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు కొంత దారికి వచ్చి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యే రాలేదు.

పదే పదే కదిలిస్తేనే చెయ్యి మేలుకుంటుందని ఫిజియోథెరపిస్టు చెప్పింది. పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. సాలొమోను దాన్ని కిటికీలో పెట్టేశాడు. ఎవరైనా గుర్తుచేస్తే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. జీవితమంతా ఇతరుల చేత చేతులెత్తించిన మనిషి, తన చెయ్యి లేవకపోవడం ఇంకొకరు చూడటం భరించలేకపోయాడు.

అప్పుడే కొడుకు కెన్నెత్ ఈ ఆటను తెచ్చాడు. జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో అతను సూపర్‌వైజరు. తమ మేనేజరు ఇంట్లో ఆయన భార్య టీవీ ముందు నిలబడి ఇలా వ్యాయామం చేయడం చూశాడట. చిన్నపిల్లల ఆట అని సాలొమోను మూడు రోజులు దాని వైపు చూడలేదు. షాలిని తనే పట్టీ కట్టుకుని మొదలుపెట్టింది. విసిరిన బంతి ముందుకు పోకుండా వెనక నిలబడిన బొమ్మల మధ్యకు పోయింది, ఆ బొమ్మలన్నీ ఎగిరి గంతేశాయి. సాలొమోను నోరు ఒకవైపు సాగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ మర్నాడు చెయ్యి ముందుకు చాపాడు.

షాలిని స్కూల్లో టీచరు. ఎనిమిదిన్నరకు బస్సు ఎక్కాలి. ఆలోపల కాసేపు ఆడించి వెళ్ళేది. కొన్ని వారాలకు కెన్నెత్ తన షిఫ్టు మధ్యాహ్నానికి మార్పించుకున్నాడు. ఇకనుంచి పొద్దున నాయన చేత తానే చేయిస్తానన్నాడు. చర్చిలో అందరూ అతన్ని మెచ్చుకున్నారు. తండ్రి కోసం ఉద్యోగం వేళలు మార్చుకునే కొడుకులు ఈ కాలంలో ఎక్కడున్నారని పాస్టరుగారి భార్య అంది, కెన్నెత్ తల్లి దీనమ్మ చెయ్యి పట్టుకుని. దీనమ్మ తల ఊపి ఊరుకుంది. షాలిని కూడా సంతోషించింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదేళ్ళయినా, తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోవడం ఆమె చూడలేదు. ఇలాగైనా దగ్గరవుతారనుకుంది.

కెన్నెత్ వచ్చాక బంతి ఆట పోయి బాక్సింగ్ వచ్చింది. బాక్సింగ్‌లో చెయ్యి త్వరగా లేస్తుందన్నాడు. రెండు చేతులకూ పట్టీలు కట్టి, కుర్చీలోంచి లేపి నిలబెట్టేవాడు. తను వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఉండేవాడు. గొంతు పెద్దది చేసేవాడు కాదు. అరవకపోవడం వల్లనే షాలినికి మొదట్లో ఏమీ అనిపించలేదు.

చెయ్యి నిజంగానే లేవసాగింది. నడుము దాకా కూడా రాని చెయ్యి గుండె దాకా వచ్చింది. ఫిజియోథెరపిస్టు చూసి ఆశ్చర్యపోయి, కెన్నెత్‌ను మెచ్చుకుంది. కానీ సాలొమోను అన్నం తగ్గించాడు. పొద్దున హాల్లో టీవీ వెలిగిన చప్పుడు వినబడగానే మంచం మీద నిటారుగా కూర్చుని, పిలుపు కోసం చూసేవాడు. దీనమ్మ ఆ సమయానికి వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది. ఎందుకత్తా అని షాలిని ఒకసారి అడిగితే, టీవీ చప్పుడుకు తలనొస్తాండాదని చెప్పింది.

ఆ శనివారం షాలినికి సెలవు. పొద్దున బట్టలు మడతపెడుతూ హాల్లోనే ఉంది. సాలొమోను అప్పటికే చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. టీవీలో ఎదురుగా ఉన్న కండల బొమ్మ మాటిమాటికీ ఆయన బొమ్మను కొడుతోంది. గేటు చప్పుడైంది. సిద్దేశ్ వచ్చాడు. సాలొమోను దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు సొంత లారీలు తిప్పుతున్నాడు. కమలాపండ్ల సంచితో గడపలో చెప్పులు విడిచి, "నమస్కార మేష్ట్రే" అన్నాడు.

సాలొమోను తల తిప్పబోయాడు.

"ఈ రౌండు అయిపోనీ నాయనా" అన్నాడు కెన్నెత్. "కూర్చో అప్పా సిద్దేశ్. మేష్ట్రు క్లాసులో ఉండాడు."

సిద్దేశ్ నవ్వాలో వద్దో తెలియక కుర్చీ అంచున కూర్చున్నాడు. టీవీలో సాలొమోను బొమ్మ కింద పడింది. పైన అంకెల లెక్క మొదలైంది.

"లెయ్ నాయనా. కింద పడినోన్ని పండుకోనిచ్చినావా నువ్వు ఎప్పుడన్నా?"

సాలొమోను చేతులు ఎత్తడానికి ప్రయత్నించాడు. ఎడమది లేచింది, కుడిది సగంలో వణికింది. "సాకు" అన్నాడు. మాట ముద్దయిపోయినా ఆ కన్నడ మాట అక్కడున్న అందరికీ అర్థమైంది. చాలు అంటున్నాడు. తర్వాత ఇంకేదో అన్నాడు, బాత్రూము వైపు చూశాడు.

"అయిపోవచ్చింది. ఇంకోసారి."

షాలిని మడతపెడుతున్న దుప్పటి వదిలి లేచేసరికే ఆలస్యమైంది. సాలొమోను పంచె ముందు భాగం తడిసి, పాదాల దగ్గర నేల మీద నీళ్ళు నిలిచాయి. ఆయన ఆ నీళ్ళను చూడలేదు. సిద్దేశ్‌నూ చూడలేదు. టీవీ వైపే చూస్తూ, చేతులు ఎత్తిన చోటే ఉంచి, నిలబడిపోయాడు.

సిద్దేశ్ లేచాడు. పండ్ల సంచి కుర్చీలో పెట్టి, "బర్తీని మేష్ట్రే" అని మెల్లగా సెలవు తీసుకుని, తల దించుకుని బయటికి నడిచాడు. దీనమ్మ వంటింట్లోంచి గుడ్డ తెచ్చి నేల తుడిచింది. షాలిని మామ చేతుల పట్టీలు విప్పి, ఆయన్ని పట్టుకుని బాత్రూముకు తీసుకుపోయింది. బయటికి వచ్చి చూస్తే కెన్నెత్ ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏంది నువ్వు చేసింది?" అంది షాలిని.

"నేనేం చేసినా? తెలీలేదు. అడిగినాడని తెలీలేదు."

"నాకు తెలిసింది. ఆ సిద్దేశ్‌కు తెలిసింది. నీకొక్కనికే తెలీలేదా?"

"చెయ్యి లేస్తాండాదా లేదా? ఆ మాట చెప్పు. నువ్వు బంతులు దొర్లించుకుంటా ఉండింటే లేస్తాండిందా?"

చెయ్యి లేస్తున్న మాట నిజమే. అయినా షాలిని ఆట పెట్టెను, పట్టీలను తీసి బీరువా మీద పెట్టేసింది. కెన్నెత్ అన్నం తినకుండానే యూనిట్‌కు వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేడ మీద పంచె ఆరవేస్తూ దీనమ్మ కోడలికి చెప్పింది. కెన్నెత్ చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడట. పరుగెత్తలేకపోయేవాడు. డ్రిల్ మేష్ట్రు కొడుకు పరుగెత్తలేడంటే పిల్లలు నవ్వేవాళ్ళు, ఆ నవ్వు సాలొమోను భరించలేకపోయేవాడు. బడి వదిలాక అందరి పిల్లల ముందు కొడుకు చేత మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. నా కొడుక్కే మినహాయింపు లేదు, మీకెందుకుంటుంది అని పిల్లలకు చూపించేవాడు. పిక్కల మీద బెత్తంతో కొట్టేవాడు. ఒక ఎండాకాలం కెన్నెత్ నీళ్ళు కావాలని అడిగాడు. ఇంకో చుట్టు అయ్యాక అన్నాడు తండ్రి. ఆ చుట్టు అయ్యాక ఇంకొకటి అన్నాడు. పిల్లవాడు మూల మలుపు దగ్గర పడిపోయాడు, మోకాలు చిట్లింది, నోట్లో మన్ను పడింది. నవ్విన పిల్లల్ని సాలొమోను ఆపలేదు.

"మా క్వార్టర్సు గోడ అవతలే మైదానం. నేను చెంబుతో నీళ్ళు పట్టుకోని గోడకాడ నిలబడినా" అంది దీనమ్మ. "పోలేదు. ఆయన ఏమంటాడో అని పోలేదు. బిడ్డ లేచి, నా దిక్కు చూసి, మళ్ళా పరుగెత్తినాడు."

ఆమె ఏడవలేదు. పంచె అంచులు లాగి సరిచేసి, క్లిప్పులు పెట్టింది. షాలిని మేడ మెట్ల మీద కూర్చుండిపోయింది. రోజూ పొద్దున తన కళ్ళ ముందు జరుగుతున్నదేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది. భర్త మీద కోపం పోలేదు. కానీ ఆ కోపం పక్కన ఇంకొకటి వచ్చి చేరింది, దానికి ఆమె దగ్గర పేరు లేదు.

మర్నాడు ఆదివారం. దీనమ్మ చర్చికి తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని తయారుగా ఉంది. షాలిని తల దువ్వుకుంటూ హాల్లోకి వచ్చేసరికి కెన్నెత్ బీరువా మీంచి పెట్టె దించి, టీవీకి తగిలిస్తున్నాడు. నిన్నటి సంగతి ఎత్తకుండా, ఒక్క పూట మానితే చెయ్యి మళ్ళీ బిగుసుకుంటుందని, చర్చికి ముందు కాసేపు చేయిస్తానని అన్నాడు. వద్దని షాలిని చెప్పబోతోంది. అంతలో లోపలి గదిలోంచి కర్ర చప్పుడు వినబడింది. సాలొమోను తనంతట తానే వచ్చాడు. టీవీ ముందు ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, కర్ర గోడకు ఆనించి, పట్టీ కట్టమని కొడుకు ముందుకు కుడిచేయి చాపాడు.

పిలవకుండానే వచ్చి అలా చెయ్యి చాపడం చూసి షాలిని చేతిలోని దువ్వెన దించేసింది. కెన్నెత్ కూడా ఒక క్షణం తడబడ్డాడు. పట్టీ తీసుకుని కట్టబోయాడు.

దీనమ్మ సంచి కింద పెట్టి, వచ్చి, టీవీకీ భర్తకూ మధ్య నిలబడింది.

"తియ్ అది."

"అమ్మా, పక్కకు రా. నీకు తెలీదు."

"నాకే తెలుసు కెన్నీ. ఇంకెవరికీ తెలీదు. ఆ పొద్దు గోడకాడ నిలబడినా, నోరు తెరవలేదు. నీళ్ళు చేతిలో పెట్టుకోని కూడా నీకు ఇయ్యలేదు. దానికి నన్ను నిలబెట్టు ఈడ. నా చేతికి కట్టు. ఈ మనిషిని ఇడిసిపెట్టు."

కెన్నెత్ మొహం తెల్లబోయింది. ఆ ఎండాకాలం సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. తల్లి గోడ దగ్గర నిలబడి చూసిందని అతనికి తెలుసు, ఆమెకు అది గుర్తుందని మాత్రం తెలియదు.

"నేను ఆయనకు నయం కావాలనే చేస్తాండా" అన్నాడు. గొంతు అతనికే నమ్మకం లేనట్టు వినబడింది. "నయం కావాలనే కదా."

"దీనా." సాలొమోను పిలిచాడు. మాటలు ఒక్కొక్కటిగా, నాలుకతో పెనుగులాడి బయటికి తెచ్చాడు. "వాన్ని చేయనీ."

"ఏంది నువ్వు అనేది?"

"నాకు తెలుసు. మొదటి దినం నుంచీ తెలుసు. వాడు గోడకాడ నిలబడతాడే... అట్లనే నేను నిలబడేవాన్ని." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "చేయనీ. వానికి తీరాల కదా. తీరితే వాడే ఆపుతాడు."

హాల్లో టీవీ పాట ఒక్కటే వినబడుతోంది. ఆట మొదలు కావడానికి బొమ్మ మనిషి అటూ ఇటూ ఊగుతున్నాడు. కెన్నెత్ చేతిలోని పట్టీ జారి కింద పడింది. ఇన్ని వారాలుగా తండ్రి తనకు భయపడి చేస్తున్నాడని అతను అనుకున్నాడు. ఆ భయం చూడటం తనకు బాగుందని కూడా ఇప్పుడే, ఈ క్షణంలోనే, తనకు తాను ఒప్పుకున్నాడు. కానీ భయం కాదు. తండ్రి శిక్ష అని తెలిసే రోజూ వచ్చి నిలబడ్డాడు. నిన్న సిద్దేశ్ ముందు కూడా.

అతను గోడ వెంబడి జారి నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. నలభై దాటిన మనిషి అంత చప్పుడుగా ఏడవడం షాలిని ఎన్నడూ వినలేదు. దగ్గరికి వెళ్ళబోయింది, దీనమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. తనే వెళ్ళి, చీర నలుగుతుందని చూడకుండా, కొడుకు పక్కన నేల మీద కూర్చుంది. సాలొమోను నిలబడలేక కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కళ్ళలోంచి కారేది తుడుచుకోవడానికి కుడిచేయి లేపాడు. అది గడ్డం దాకా వచ్చి ఆగింది. ఎడమ చేత్తో తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం ఎవరూ చర్చికి పోలేదు.

తర్వాత కొన్ని రోజులు ఆట పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. కెన్నెత్ పొద్దున లేచి, తండ్రికి స్నానం చేయించి, బట్టలు మార్చేవాడు. ఒకరోజు వీపు రుద్దుతూ, నీళ్ళు వేడిగా ఉండాయా అని అడిగాడు. సరిపోయాయన్నాడు తండ్రి. అంతే. మళ్ళీ రబ్బరు బంతితో మొదలుపెడదామని షాలిని చూసింది గానీ, సాలొమోను దాన్ని రెండుసార్లు పిసికి వదిలేశాడు. వారం తిరిగేసరికి చెయ్యి బిగుసుకోవడం మొదలైంది. గుండె దాకా వచ్చినది మళ్ళీ కిందికి దిగింది. ఫిజియోథెరపిస్టు చూసి, ఎందుకు ఆపేశారని కోప్పడింది.

ఆ మర్నాడు పొద్దున సాలొమోను హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని, కెన్నెత్‌ను పిలిచాడు.

"ఆట పెట్టు."

కెన్నెత్ కదల్లేదు. "షాలిని పెడతాది నాయనా. నేను వద్దు."

"నువ్వు పెట్టు. బంతి ఆట. ముందు నువ్వు ఆడు. నేను చూస్తా."

కెన్నెత్ భార్య వైపు చూశాడు. షాలిని బస్సు వేళ దాటిపోతున్నా చేతి సంచి కింద పెట్టేసింది. అతను పట్టీ కట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు. వీపు మీద తండ్రి చూపు ఉందనేసరికి ఆ మనిషి భుజాలు పిల్లవాడిలా ముడుచుకున్నాయి. మొదటి బంతి దారి పక్కనున్న గాడిలో పడింది. మెడ ఎర్రబడింది. వెనక్కి తిరిగి చూడకుండా నిలబడ్డాడు, ఏదో మాట వచ్చి పడుతుందని ఎదురుచూస్తున్నట్టు.

వెనక నుంచి ఏ మాటా రాలేదు.

రెండో బంతి నిదానంగా వదిలాడు. అది దారి మధ్యలో సాగిపోయి, గుంజలన్నిటినీ పడేసింది. టీవీలోని బొమ్మలు చప్పట్లు కొట్టాయి.

"బాగ ఏసినావు" అన్నాడు సాలొమోను.

మాట ముద్దగానే వచ్చింది. ఆ మాట ఆయన నోట వినడం కెన్నెత్‌కు అదే మొదటిసారి. అతను టీవీ వైపు తిరిగే కళ్ళు తుడుచుకుని, వచ్చి తండ్రి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పట్టీ ఆయన మణికట్టుకు కట్టి, వేళ్ళను ఒక్కొక్కటే మడిచాడు.

"ఎప్పుడు సాకంటే అప్పుడు ఆపుదాం నాయనా."

"ఊ" అన్నాడు సాలొమోను. కొడుకు భుజం ఊతంగా పట్టుకుని లేచి నిలబడ్డాడు.